బస్తీ కుర్రాడి కన్నీళ్లు, బస్తీ పిల్ల మీద బూతులు

2025 ఆగస్టు 1న 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రకటించారు. 'బేబీ' సినిమాకు రెండు వచ్చాయి. పాటకు గాయకుడు రోహిత్‌కు ఒకటి, ఉత్తమ స్క్రీన్‌ప్లేకు దర్శకుడు సాయి రాజేష్‌కు ఇంకొకటి. స్క్రీన్‌ప్లే అవార్డును తమిళ సినిమా 'పార్కింగ్'తో కలిపి ఇచ్చారు. ఆ సాయంత్రం యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఒక జూనియర్ ఫోన్‌లో వార్త చదివి బల్ల మీద గుద్ది ఈల వేశాడు. ఎదురుగా కూర్చున్న ఎం.ఏ. అమ్మాయి టీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయింది. అప్పటికి సినిమా వచ్చి రెండేళ్లు దాటింది. ఈల ఎందుకో, టీ ఎందుకు వదిలేసిందో విడిగా చెప్పాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

మేము అంటే ఒక పరిశోధక విద్యార్థి, సినిమాలు కలిసి చూసి హాస్టల్ మెట్ల మీద కూర్చుని వాదించుకునే మరో నలుగురైదుగురు. అందరం వాడల నుంచి, బస్తీల నుంచి వచ్చినవాళ్లమే. అందుకే ఈ సినిమా మీద మాకు తేలిగ్గా తేలే అభిప్రాయం లేదు. థియేటర్లో ఏడ్చిన కుర్రాళ్లు మా తమ్ముళ్లు. తెర మీద తిట్లు తిన్న పిల్ల మా చెల్లెలు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కుని రాస్తున్న వ్యాసం ఇది.

కథ చాలామందికి తెలుసు, రెండు ముక్కల్లో చెప్తాం. ఒక బస్తీలో ఎదురెదురు ఇళ్ల పిల్లలు ఆనంద్, వైష్ణవి. బడి రోజుల్లోనే ప్రేమ. అబ్బాయి పదో తరగతి తప్పి ఆటో నడుపుతాడు. అమ్మాయి చదువుకుంటూ ఇంజనీరింగ్ కాలేజీ దాకా వెళ్తుంది. అక్కడ డబ్బున్న విరాజ్ పరిచయమవుతాడు. అమ్మాయి మారుతుంది, ఇద్దరి దగ్గరా అబద్ధాలు చెప్తుంది, చివరికి ముగ్గురికీ ఏమీ మిగలదు. 2023 జూలై 14న విడుదలైన ఈ చిన్న సినిమా ఆ ఏడాది పెద్ద హిట్లలో ఒకటైంది. ఆనంద్ దేవరకొండ, వైష్ణవి చైతన్య, విరాజ్ అశ్విన్ ముగ్గురూ బాగా చేశారు. ముఖ్యంగా వైష్ణవి. ఆమె అంత బాగా చేయకపోతే జనానికి అంత కోపం వచ్చేది కాదేమో.

మేము చూసింది ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక థియేటర్లో, రెండో వారం, ఫస్ట్ షో. ముందు వరుసల్లో ఇంటర్, డిగ్రీ వయసు కుర్రాళ్లు. కొందరు ఖాకీ చొక్కాతోనే వచ్చారు. మొదటి గంట పాటలకు ఊగారు. ఇంటర్వెల్ తర్వాత హాలు వేరే చోటుగా మారిపోయింది. వైష్ణవి తెర మీదకు వచ్చిన ప్రతిసారీ బూతులు. ఒక్కడు మొదలుపెడితే వరుస మొత్తం అందుకునేది. అవి సినిమా పాత్రను తిట్టే తిట్లలా లేవు. ఎవరికి వాళ్లు తమకు తెలిసిన ఒక పిల్ల పేరు మనసులో పెట్టుకుని అరుస్తున్నట్టున్నాయి. మా పక్కన కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు చున్నీలు సర్దుకుని సీట్లో కిందికి జారి కూర్చున్నారు. సినిమా అయ్యాక బయట ఆటో స్టాండు దగ్గర ఒక అబ్బాయి వెక్కి వెక్కి ఏడుస్తుంటే స్నేహితులు భుజం తట్టి నీళ్లు తాగించారు. ఇవి రెండూ ఒకే హాల్లో, ఒకే పావుగంటలో చూశాం. ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన వీడియోలు కూడా అవే. ఏడ్చేవాళ్లు, తిట్టేవాళ్లు, ఏడుస్తూ తిట్టేవాళ్లు.

మేము గమనించిన మొదటి సంగతి చిన్నది. విరాజ్‌ను ఎవరూ తిట్టలేదు. కథలో చూస్తే, పబ్‌లో తాగిన మత్తులో ఉన్న అమ్మాయితో హద్దు దాటినవాడు అతను. తర్వాత దాన్నే అడ్డం పెట్టుకుని ఆమెను బెదిరించినవాడూ అతనే. ఇంకే దేశపు సినిమాలో అయినా ప్రతినాయకుడు ఎవరో అక్కడికి తేలిపోవాలి. మా హాల్లో ఆ సన్నివేశాలకు కూడా బూతులు ఆమెకే పడ్డాయి. అతని కారు, అతని బట్టలు, అతని ధీమా చూసి ముందు వరుసల్లో చిన్న నిశ్శబ్దం ఉండేది, అంతే. అది భయమా, గౌరవమా, లేక 'వాడికి ఉంది కాబట్టి వాడు చేస్తాడు' అన్న పాత అలవాటా? మా మటుకు మాకు మూడోదే అనిపించింది. ఊళ్లో దొర కొడుకు తప్పు చేస్తే పంచాయితీలో పిల్లనే నిలబెట్టడం మన పెద్దవాళ్లు చూసిందే. ఆ పంచాయితీకి ఇప్పుడు ఏసీ పెట్టి టికెట్ అమ్ముతున్నారు.

రెండో సంగతి రంగు. సినిమా మొదట్లో బస్తీ పిల్లగా ఉన్నప్పుడు వైష్ణవి ముఖానికి నలుపు పూశారు. కాలేజీకి వెళ్లి, మేకప్ నేర్చుకుని, బట్టలు మార్చాక ఆమె తెల్లబడుతుంది. అంటే నలుపు అమాయకత్వం, తెలుపు మోసం. పైకి చూస్తే నలుపును మెచ్చుకున్నట్టే ఉంటుంది. కానీ నల్లగా ఉన్నంతకాలమే, అంటే బస్తీ దాటనంతకాలమే, ఆ పిల్ల మంచిది. దాటిందా, చెడింది. పైగా ఆ నల్ల ముఖం కోసం నిజంగా నల్లగా ఉన్న ఒక బస్తీ అమ్మాయిని తీసుకోలేదు, రంగు పూసుకున్నారు. ఇదే సాయి రాజేష్ కథ ఇచ్చిన 'కలర్ ఫోటో' 2020లో వచ్చింది. సందీప్ రాజ్ తీసిన ఆ సినిమాలో నల్లగా ఉన్న కుర్రాడిని ప్రేమించినందుకు అమ్మాయి అన్న అడ్డుపడతాడు. దానికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. రెండు సినిమాల్లోనూ రంగు ఉంది, పేదరికం ఉంది, కులం అన్న మాట మాత్రం లేదు. రంగు, బస్తీ, ఆటో అని చెప్పి కులం ఒక్కటీ చెప్పకుండా ఎలా నడపాలో తెలుగు సినిమాకు బాగా వచ్చు. ఇంటిపేర్లు ఉండవు. గోడ మీద అంబేద్కర్ ఫోటో ఉండదు. హైదరాబాద్‌లో అంబేద్కర్ నగర్ అన్న పేరుతో ఎన్ని బస్తీలున్నాయో లెక్కపెట్టడం కష్టం. తెర మీద బస్తీకి మాత్రం ఆ పేరు అరుదుగా దక్కుతుంది.

'కులం చెప్పలేదు కదా, మీరెందుకు తెస్తారు?' అని క్యాంటీన్‌లో ఈల వేసిన జూనియరే మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. సినిమా చెప్పకపోయినా చూసేవాడు నింపుకుంటాడన్నది మా జవాబు. ఆటో నడిపే ఆనంద్‌ను చూసి మా వాడ కుర్రాళ్లు 'మనోడు' అనుకున్నారు. వాళ్లకెవరూ కులం పేరు చెప్పనక్కర్లేదు. పదో తరగతి తప్పడం, అప్పు చేసి ఆటో కొనడం, కాలేజీ గేటు బయట యూనిఫాంలో నిలబడి లోపలికి వెళ్లలేకపోవడం, ఇవన్నీ వాళ్లకు తెలిసిన బతుకు. గేటు బయట నిలబడ్డ ఆ అవమానం నిజమైనదే. దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. నగరాల్లో స్త్రీవాద మిత్రులు కొందరు ఈ ప్రేక్షకులను 'టాక్సిక్' అని ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆ మాట పూర్తిగా తప్పు అనలేం. కానీ అంతటితో ఆగిపోతే మాకు నచ్చదు. పదో తరగతి తప్పిన కుర్రాడికి ఈ వ్యవస్థ ఏం మిగిల్చిందో అడగకుండా అతని కన్నీళ్లను జబ్బు అనలేం.

అయితే కన్నీళ్లు నిజమైనవి కాబట్టి తిట్లు కూడా సరైనవి అయిపోవు. అసలు ప్రశ్న ఇది. గేటు కట్టినవాడి మీదికి వెళ్లాల్సిన కోపం, గేటు దాటి లోపలికి వెళ్లిన పిల్ల మీదికి ఎందుకు మళ్లింది?

ఆ పిల్ల లోపలికి ఎలా వెళ్లిందో ఒకసారి చూద్దాం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వచ్చాక ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్ వైపు కాలేజీ బస్సులు బస్తీ మొదట్లో కూడా ఆగడం మొదలైంది. కూలి పని, ఇళ్లలో పాచి పని చేసే తల్లులు కూతుళ్లను ఆ బస్సు ఎక్కించారు. మా బృందంలో ఇద్దరు ఆ బస్సు ఎక్కి వచ్చినవాళ్లే. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి ఆ పిల్ల. ఇంగ్లిష్ రాక వెనక బెంచీలో కూర్చుంటుంది. ఎవరూ పలకరించరు. రెండు జతల బట్టలతో మొదటి సెమిస్టర్ గడుస్తుంది. అక్కడ ఎవరైనా స్నేహంగా నవ్వితే, లిప్‌స్టిక్ వేసుకోవడం నేర్పితే, ఆమెకు అది కొత్త ఊపిరి. 'బేబీ' ఈ ముక్క వరకు నిజాయితీగా చూపింది, అది ఒప్పుకోవాలి. కొత్త బట్టల్లో వైష్ణవి మొదటిసారి అద్దం ముందు నిలబడినప్పుడు ముఖంలో కనబడే బెరుకు అబద్ధం కాదు. కానీ సినిమా అక్కడి నుంచి ఆమెను ఒక్క దారిలోనే నడిపిస్తుంది. లిప్‌స్టిక్ నుంచి పబ్బుకు, పబ్బు నుంచి పతనానికి. చదువు ఎక్కడ? ఆమె సబ్జెక్టు ఏమిటి? పాసైందా? క్యాంపస్ సెలక్షన్‌కు కూర్చుందా? బస్తీ నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్లిన పిల్ల కథలో ఇంజనీరింగ్ కనబడదు. సినిమాలో కాలేజీకి ఒక్కటే పని, అమ్మాయిని చెడగొట్టడం.

సావిత్రిబాయి ఫూలే పుణెలో ఆడపిల్లల బడి పెట్టినప్పుడు, 1848లో, ఆమె మీద పేడ విసిరినవాళ్లు కూడా ఇదే చెప్పారు. చదివితే ఆడది చెడిపోతుందని. బోధించు, సమీకరించు, పోరాడు అన్న మాటను గోడల మీద రాసుకునే మన వాడల్లోనే ఆ పాత మాట మళ్లీ పాట రూపంలో, కన్నీటి రూపంలో తిరిగి వచ్చింది. ఈసారి పేడ విసిరేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. మాకు బాధ కలిగించింది అదే.

ఇక్కడ అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసం గుర్తుకు వస్తుంది. కులం నిలబడేది సొంత కులంలో పెళ్లి మీదేనని, అందుకు ప్రతి సమూహమూ 'మిగిలిపోయిన' స్త్రీని ఏం చేయాలన్న చిక్కును తేల్చుకోవాల్సి వచ్చిందని ఆయన వివరించారు. సతి, బలవంతపు వైధవ్యం ఆ చిక్కుకు దొరికిన దారులు. మిగిలిపోయిన పురుషుడికి మాత్రం అంత కఠినమైన దారి లేదు. మగవాడు కాబట్టి అతని విలువ తగ్గదు. ఏ ముక్కోణపు ప్రేమకథలోనైనా ఒకరు మిగిలిపోతారు. మన సినిమాల్లో మిగిలిపోయిన మగవాడికి ఒక సంప్రదాయమే ఉంది. 1953 నాటి 'దేవదాసు' నుంచి అతనికి సీసా, పాట, ప్రేక్షకుల జాలి దొరుకుతాయి. మిగిలిపోయిన అమ్మాయికి ఏం దొరుకుతుంది? 'బేబీ'లో ఇద్దరు మగవాళ్లనూ పోగొట్టుకున్నది వైష్ణవి కూడా. ఆ హాల్లో ఆమె కోసం ఏడ్చినవాళ్లను మేము వెతికాం. ఒక నడివయసు తల్లి కళ్లు తుడుచుకుంటూ కనబడింది. ఎవరి కోసమో అడిగే ధైర్యం చేయలేదు.

ఇవన్నీ ఒక సినిమా గురించి ఇంత రాయాల్సిన సంగతులా అని అనిపించవచ్చు. సినిమా చూసి ఎవరో కత్తి పట్టారని మేము అనడం లేదు. గుంటూరులో బీటెక్ చదువుతున్న దళిత విద్యార్థినిని 2021 ఆగస్టు 15న, అందరూ జెండాలు ఎగరేసుకుంటున్న ఉదయం, నడిరోడ్డు మీద పొడిచి చంపినప్పుడు 'బేబీ' ఇంకా రాలేదు. చంపినవాడు ఆమెకు సోషల్ మీడియాలో పరిచయమైనవాడు. ఆమె దూరం పెట్టింది, అదే నేరమైంది. 2022 ఏప్రిల్‌లో కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. మేము గుర్తుపెట్టుకున్నది శిక్షను కాదు. ఆ సీసీటీవీ దృశ్యం ఫోన్లలో తిరుగుతున్నప్పుడు మాకు తెలిసినవాళ్లే 'ఆ పిల్లకు వాడితో మాటలెందుకు?' అన్నారు. వైష్ణవి మీద అరిచిన గొంతు అప్పటికే తయారుగా ఉంది. సినిమా దానికి మైకు ఇచ్చింది.

మిర్యాలగూడ గురించి ఈ పాఠకులకు పేర్లతో పని లేదు. 2018 సెప్టెంబర్ 14న ఒక దళిత యువకుడిని ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్ల ముందు, మామ పెట్టిన కిరాయి మనిషి నరికి చంపాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హత్య జరిగిన కొత్తలో నిందితుడైన తండ్రికి మద్దతుగా అదే పట్టణంలో ర్యాలీ తీశారు. 'కన్న ప్రేమ' అన్నారు. ఆ అమ్మాయి మీద ఏడేళ్లుగా ఆన్‌లైన్‌లో కురిసిన బూతులు, 'బేబీ' థియేటర్లో మేము విన్న బూతులు దాదాపు ఒక్కటే. ఒక సందర్భంలో ఆమె దళితుడిని ఎంచుకుంది, ఇంకో సందర్భంలో బస్తీ కుర్రాడిని వదిలేసింది. ఎంచుకున్నా తప్పే, వదిలేసినా తప్పే. అంటే కోపం ఎవరిని ఎంచుకుందన్నదాని మీద కాదు, ఎంచుకోవడం మీదే. అందుకే 'మనోడిని మోసం చేసింది' అని అరిచే మన తమ్ముళ్లతో మేము చెప్పాలనుకునేది ఇదే. ఆ నోటితోనే రేపు అగ్రకులపు తండ్రి మనోడి మీదికి కత్తి పంపుతాడు. అమ్మాయికి ఎంచుకునే హక్కు లేదన్న మాట ఎప్పుడు గెలిచినా చివరికి చచ్చేది మనవాడే.

ఇలా అనడం సులువే. ఆనంద్‌లోని మనిషిని వదిలేయకుండా అనడమే కష్టం. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' 2021లో వచ్చింది. అందులో నాయకుడు దళిత క్రైస్తవుడని సూటిగానే చెప్పారు, అమ్మాయి పై కులం. లోపాలు ఉన్నా, అందులో అబ్బాయి కోపం ఊళ్లో కులం మీదికి వెళ్తుంది, అమ్మాయి మీదికి కాదు. మరాఠీ 'సైరాట్'లోనూ అంతే. కులం పేరు చెప్పిన చోట కోపానికి చిరునామా దొరుకుతుంది. పేరు దాచిన చోట అది చేతికి అందినవాళ్ల మీద, అంటే ఇంట్లో ఆడపిల్ల మీద పడుతుంది. ఇది సూత్రం కాదు, మేము చూసిన సినిమాల వరకే చెబుతున్నాం. 'ఆర్ఎక్స్ 100' వచ్చినప్పుడు కూడా, 2018లో, ఆటోల వెనక రాతలు ఎటు తిరిగాయో చూసినవాళ్లకు అర్థమవుతుంది.

చివరిగా ఆ జూనియర్ సంగతి. అవార్డు వచ్చిన మర్నాడు అతనే వచ్చి మాతో కూర్చున్నాడు. వాళ్ల అన్న ఆటో నడుపుతాడట. 'బేబీ' నాలుగుసార్లు చూశాడట. చెల్లెలు బీటెక్ రెండో సంవత్సరం. సినిమా వచ్చినప్పుడు ఆ పిల్ల ఇంటర్‌లో ఉంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో చెల్లెలి ఫోన్‌కు లాక్ పెట్టకూడదని అన్న రూల్. తల్లి కూడా సరే అంది. 'మేమేం తప్పు చేశాం, మంచికే కదా?' అన్నాడు జూనియర్. కానీ రాత్రంతా నిద్రపట్టలేదని కూడా అన్నాడు.

ఆ ఆదివారం మేము ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. అన్న మంచివాడు. మాకు చాయ్ తెప్పించాడు, ఆటో సీటు తుడిచి కూర్చోమన్నాడు. చెల్లెలి ఫీజులో కొంత ప్రభుత్వం ఇస్తుంది, ఇవ్వనిది తనే కడుతున్నాడు. సినిమా ఎత్తగానే ముఖం మారింది. వైష్ణవి గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఆగాక మేము అడిగాం, 'మరి విరాజ్ సంగతేంటి?'

కాసేపు హ్యాండిల్ పట్టుకుని ఊరుకున్నాడు. 'వాన్నేమంటమన్నా. వానికి పైసలున్నయ్. వాంది ఏం పోయింది?' అన్నాడు.

లోపలి నుంచి చెల్లెలు ఖాళీ గ్లాసులు తీసుకోవడానికి వచ్చింది. సినిమా చూశావా అమ్మా అని అడిగితే, 'లేదన్నా. మా అన్న చూసిండు గద, రెండేండ్ల సంది దినాం చెప్తుండు' అని, గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. ఆమె ఫోన్ అన్న చొక్కా జేబులో ఉంది.